సత్యం చెప్తాను, సత్యం చెయ్యను

మా నాన్న గురించి హోసూరు మందిరంలో ఒక కథ చెబుతారు. కరువు కాలంలో విగ్రహం ముందు ప్రమాణం చేయనన్నందుకు పని పోగొట్టుకున్న విశ్వాసి కథ. సంఘపెద్ద ఆ కథ చెప్పి, "ఆ సహోదరుణ్ణి మేమంతా ధైర్యపరిచాము" అని ముగిస్తాడు. అరవైల్లో ఒక కూటంలో ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని నా చెవులతో నేను విన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు హల్లెలూయ అన్నారు. నేను అనలేదు. ఎవరూ ధైర్యపరచలేదు. అప్పుడు అక్కడ నేనున్నాను కాబట్టి జరిగింది రాస్తున్నాను.

అప్పట్లో మా ప్రాంతమంతా సేలం జిల్లా. హోసూరు నుంచి తళి ఊరికి వెళ్ళే దారిలో ఒక పెద్ద తోటలో నాన్న కపిల తోలేవాడు, అంటే ఎద్దులను కట్టి బావి నీళ్ళు తోడే పని. అమ్మా నేనూ కలుపు తీసేవాళ్ళం, పూలు కోసేవాళ్ళం. తోటలోనే మాకు ఉండడానికి ఒక కొట్టం ఇచ్చారు. నాన్న పెళ్ళికి ముందే ఏసుప్రభువును నమ్ముకున్నాడు. అమ్మ పెళ్ళయ్యాక, నాన్న కోసం బాప్తిస్మం తీసుకుంది. పండగకు పక్కవాళ్ళు పంపిన పొంగలిని నాన్న ముట్టడు. అమ్మ, పాడైపోతుంది కదా అని తినేస్తుంది.

యాభైల నడుమ ఒక ఏడు వానలు పూర్తిగా మొహం చాటేశాయి. బావిలో నీళ్ళు అడుక్కి పోయాయి. పాత మోకు అందడం లేదని యజమాని పొడుగాటి కొత్త మోకు తెప్పించాడు. మోకంటే మామూలు తాడు కాదు, మణికట్టంత లావుండే పగ్గం. దాన్ని కపిలకు కట్టకముందే, ఒకనాడు తెల్లారి చూస్తే లేదు.

యజమాని కేకలు వేయలేదు. పనివాళ్ళందరినీ తోట మూలనున్న కావలి దేవుడు మునీశ్వరుడి రాయి దగ్గరికి రమ్మన్నాడు. ప్రమాణం చేయడాన్ని మా వైపు "సత్యం చేయడం" అంటారు. రాయి ముందు కర్పూరం వెలిగిస్తారు. మంట మీద అరచెయ్యి కొట్టి ఆర్పి, నేను తీయలేదు అనాలి. అబద్ధమాడిన వాడి ఇంటి దీపం కూడా అట్లాగే ఆరిపోతుందని నమ్మకం. ఒక్కొక్కరే వెళ్ళి ఆర్పి వచ్చారు. నాన్న వంతు వచ్చింది.

"రాప్పా, సత్యం చెయ్యి" అన్నాడు యజమాని.

"నేను తీయలేదు యజమానా."

"నోటితో చెప్పేది కాదప్పా. చెయ్యి."

"సత్యం చెప్తాను. సత్యం చెయ్యను. మా ప్రభువు ఒట్టు వద్దన్నాడు. ఔనంటే ఔను, కాదంటే కాదు."

పూలు కోసే ఆడమనిషి ఒకామె వెనక నుంచి, "సంగటి చెప్తే కడుపు నిండుతుందా అన్నా? చెయ్యాల గదా" అంది.

అందరూ నవ్వారు. యజమానీ నవ్వాడు. ఎవరెవరు నవ్వారో, ఎవరు కొంగు అడ్డం పెట్టుకున్నారో ఈ రోజు అడిగినా చెబుతాను.

యజమాని చెడ్డవాడని నేను అనను. ఆయన ఇంకో దారి చూపించాడు. "పోనీ, మీ పుస్తకం తీసుకురా. దాని మీద చెయ్యి పెట్టి చెప్పు. నాకు అదీ సమ్మతమే" అన్నాడు.

"ఆ పుస్తకంలోనే వద్దని ఉండాది యజమానా. దాని మీద ఎట్ల పెట్టేది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. యజమాని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆదివారం దాకా చూస్తాను. అంతలోపల చెయ్యకుంటే కొట్టం ఖాళీ చెయ్యి. నేను నిన్ను దొంగ అనను. ఊరంటుంది."

కొట్టంలోకి రాగానే అమ్మ మొదలుపెట్టింది. "తీయనోడికి చెయ్యడానికేం భయం? చెయ్యి తగిలితే ఆరిపోయే మంటకు ఉండే నీడ పోగొడతావా? ఈ కరువులో పాపను యాడికి తోలుకొని పోతావు?" నాన్న ఎద్దులకు గడ్డి వేయడానికి బయటికి వెళ్ళిపోయాడు. ఆయనకు కోపం వచ్చినా అంతే, బాధ కలిగినా అంతే.

శనివారం సాయంత్రం సంఘపెద్ద సైకిలు మీద వచ్చాడు. మమ్మల్ని ఓదార్చడానికి వచ్చాడని అమ్మ సంబరపడి, ఇంట్లో ఉన్న ఆఖరి బెల్లం ముక్కతో కాఫీ కాచింది. ఆయన ఊదుకుంటూ తాగాడు.

"కర్పూరమే గదప్పా" అన్నాడు. "దేవుడు లోపల చూస్తాడు. చెయ్యి ఏం చేసిందని చూడడు. రేపు మందిరానికొచ్చి మోకాళ్ళ మీద ఒప్పుకో. సరిపోతుంది."

"ఒప్పుకుందాంలే అని ముందే అనుకొని చేస్తే, అది ఒప్పుకునేది ఎట్లయితుందయ్యా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నీ మొండితనానికి మన వాళ్ళెవరికీ ఈ పక్క తోటల్లో పని పుట్టదు. ఆ సంగతి ఆలోచించినావా?"

వచ్చింది అందుకు. యజమాని మందిరం మీద కినుక వహిస్తాడని ఆయన భయం. భయపడడం తప్పనడం లేదు. ఆ భయానికి తర్వాత ధైర్యపరచడం అని పేరు పెట్టుకున్నాడే, అదీ నా ఫిర్యాదు.

మర్నాడు అదే మనిషి ఆరాధనలో, బంగారు ప్రతిమకు మొక్కబోమన్నందుకు అగ్నిగుండంలో పడిన ముగ్గురు యువకుల గురించి చదివి, చాలాసేపు చెప్పాడు. నాన్న ముందు వరసలో తల వంచుకొని విన్నాడు. ఆరాధన అయ్యాక బయట ఎవరూ మా దగ్గరికి రాలేదు. అందరికీ ఒక్కసారిగా చెప్పులు తొడుక్కోవడం మీద చాలా శ్రద్ధ కలిగింది.

సోమవారం కొట్టం ఖాళీ చేశాము.

కృష్ణగిరి దగ్గర ఆనకట్ట పని జరుగుతూ ఉండింది. అక్కడ కంకర కొట్టే పనిలో చేరాము. తళి చలిలో పెరిగినవాళ్ళం, ఆ బండల వేడికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. అమ్మ చేతులు పగిలి సమ్మెట కట్టెకు నెత్తురు అంటేది. అమ్మ నాన్నతో అవసరానికి తప్ప మాట్లాడేది కాదు. సాయంత్రం ప్రార్థన వేళకు గుడిసె బయటికి వెళ్ళి కూర్చునేది. లోపల నాన్న ప్రార్థిస్తే ఆమేన్ అనడానికి నేనొక్కదాన్నే. నాన్న అమ్మను రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదు. అదీ నాకు ఫిర్యాదే. పిలిచి ఉంటే వచ్చేదేమో.

మేస్త్రీ ఒక సాయబు. ఆయన నాన్న పని చూసి, సమ్మెటలు, గడ్డపారలు పెట్టే షెడ్డు నాన్నకు అప్పగిస్తానన్నాడు. షెడ్డు పక్కనే రేకుల గది ఉంది, అందులో ఉండమన్నాడు. సరిగ్గా ఆ సమయంలో తళి దారి నుంచి ఒకడు పనికి వచ్చాడు. మునీశ్వరుడి రాయి దగ్గర నవ్విన వాళ్ళలో వాడొకడు. మధ్యాహ్నం గంజి తాగే వేళ అందరూ వినేటట్టు అన్నాడు, "సాయబూ, షెడ్డు ఇతనికా ఇస్తావు? మోకు దొంగ. సత్యం చెయ్యమంటే ఈడికి పరిగెత్తి వచ్చినాడు."

గంజి తాగేవాళ్ళంతా తలలెత్తి నాన్న వైపు చూశారు. అమ్మ లేచి గుడిసెలోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినిపించింది. చీరలో గిన్నెలు పెట్టి మూట కడుతోంది. ఈసారి వెళ్ళిపొమ్మనే దాకా ఉండదలుచుకోలేదు.

మేస్త్రీ వచ్చి నాన్న ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమప్పా, మోకు నువ్వు తీసినావా?"

"లేదు సాయబూ."

"సరే. సమ్మెటలు లోపల పెట్టించు. వానొచ్చేట్టుంది."

తళి దారివాడు, "సత్యం చెయ్యమను సాయబూ" అన్నాడు.

"అడిగినాను, చెప్పినాడు. నీకు కొట్టే రాయి లేదా?" అని మేస్త్రీ వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు తెలిసింది. అంతవరకు నాన్నను ఎవరూ అడగలేదు. చెయ్యమన్నారు, చేస్తే పోతుందన్నారు, చెయ్యనందుకు నవ్వారు, వెళ్ళగొట్టారు. తీసినావా అని ఒక్కరూ అడగలేదు. యజమాని అడగలేదు. మా సంఘపెద్ద మా బెల్లం కాఫీ తాగాడు, అడగలేదు. పరాయి మతం మనిషి అడిగాడు, జవాబు విన్నాడు, పనికి వెళ్ళిపోయాడు.

గుడిసెలోకి వెళ్ళేసరికి అమ్మ మూట పక్కన కూర్చుని ఉంది. ఆమెకు అంతా వినపడింది. నాన్న లోపలికి రాగానే తలెత్తింది.

"నేనూ అడగలేదు" అంది.

"ఇప్పుడు అడుగు."

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. "తీసినావా?"

"లేదు."

అమ్మ తల ఆడించి మూట తన వైపు లాక్కుంది. ముడి చాలా గట్టిగా పడింది. ఆ పగిలిన వేళ్ళతో రాలేదు. నాన్న ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి విప్పారు.