లీదియక్క చదివిన బొమ్మలు

గచ్చిబౌలిలోని ఒక ఆసుపత్రిలో నేను నర్సుగా చేరిన ఏడాదే, గుండె రక్తనాళం లోపలికి వెళ్ళి చూసే స్కానింగ్ యంత్రం అక్కడికి వచ్చింది. అది రెండువేల పదో సంవత్సరం. యాంజియోగ్రామ్ ఉండగా ఇదెందుకని డాక్టర్లు దాని జోలికి పెద్దగా వెళ్ళలేదు. గుడ్డ కప్పి ఒక మూలకు నెట్టారు. ఆ గుడ్డ తీసి దాని ముందు కూర్చున్నది మా టెక్నీషియన్ లీదియక్క ఒక్కతే.

అక్కది చీరాల. పద్దెనిమిదేళ్ళకే మిషన్ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనికి కుదిరింది. ఫిల్ములు కడిగి, క్లిప్పులకు ఆరవేసి, కిటికీ వెలుగులో పట్టుకుని చూడటం అక్కడ నేర్చుకుంది. భర్త క్రిస్టోఫర్ గారికి హైదరాబాద్‌లో టీచర్ ఉద్యోగం వస్తే గోపన్‌పల్లిలో ఇల్లు అద్దెకు తీసుకుని స్థిరపడ్డారు. ఆపరేషన్ జరిగే గదికి ఇవతల, అద్దం వెనక కంప్యూటర్ల ముందు ఆమె చోటు. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.

కంపెనీ మనిషి రెండు రోజులుండి నేర్పి వెళ్ళాడు. ఆ తర్వాత అక్క రోజూ మధ్యాహ్నం అన్నం తినేసి, కంపెనీవాళ్ళు యంత్రంలో ఉంచిన నమూనా రికార్డింగులు వేసుకుని, పొడుగాటి పుస్తకంలో పెన్సిల్‌తో బొమ్మలు గీసేది. పక్కన నేనుండేదాన్ని.

"చూడు శ్రావణీ, యాంజియోగ్రామ్‌లో మనకి కనపడేది నాళంలో పారే మందు నీడేనమ్మా. గోడలో ఏం పేరుకుందో అది చెప్పదు. ఇది చెబుతుంది."

"నాకైతే అన్నీ బూడిదరంగు చక్రాల లెక్కనే కనిపిస్తున్నయక్కా."

"నాకూ మొదటి నెల అంతే."

మాది సిద్దిపేట. పదకొండులో సకల జనుల సమ్మె వచ్చినప్పుడు క్యాంటీన్లో మావాళ్ళంతా ఒక బల్ల దగ్గర, ఆంధ్రావాళ్ళంతా ఇంకో బల్ల దగ్గర కూర్చోవడం మొదలైంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, ఊరికే అలా అయిపోయింది. నేను మాత్రం క్యారేజీ పట్టుకుని స్కానింగ్ యంత్రం దగ్గరికే పోయేదాన్ని. బస్సులు ఆగిపోయాయి. అక్క గోపన్‌పల్లి నుంచి నడిచి వచ్చేది. వచ్చాక కాసేపు చెప్పులు విప్పి పాదాలు చల్లటి గచ్చుకు ఆనించుకునేది.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం మియాపూర్ డిపో డ్రైవర్ సాయిలును తీసుకొచ్చారు. సమ్మె శిబిరంలో కూర్చున్న మనిషికి ఛాతీలో నొప్పి వచ్చి చెమటలు పట్టాయట. వెంట భార్య గంగమ్మ వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి ఛాతీకి వైర్లు అతికిస్తుంటే, అక్క మాట యాస విని సాయిలు అడిగాడు.

"మేడం, మీది ఆంధ్రనా?"

"అవునండీ, చీరాల."

"నేను సమ్మెల ఉన్నోన్ని. మరి నా మీద కోపం లేదా?"

"ఎందుకుండదండీ? పది రోజులుగా నన్ను నడిపిస్తున్నది మీరేగా!"

అంత నొప్పిలోనూ సాయిలు నవ్వాడు. మేమూ నవ్వాం.

డాక్టర్ మధుసూదన్ గారు మణికట్టు దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి యాంజియోగ్రామ్ తీశారు. ఎడమవైపు పెద్ద నాళం కొద్దిగా సన్నబడినట్టుంది, అంతే. "మందులతో చూద్దాం" అని ఆయన గ్లవ్స్ తీయబోతుండగా, అద్దం వెనక నుంచి మైకులో అక్క గొంతు వినిపించింది.

"సార్, ఆ నాళం మొదట్లో ఏదో మసకగా ఉంది. ఒకసారి లోపలి నుంచి చూద్దామా?"

గదిలో అందరం ఆగిపోయాం. డాక్టర్ పనిలో ఉండగా అక్క తనంతట తాను మాట్లాడటం అదే మొదటిసారి. డాక్టర్ గారు తెర వంక చాలాసేపు చూశారు. "సరే, ఆ మెషిన్ తీసుకురండి" అన్నారు.

నాళంలోకి పంపిన స్కానింగ్ తీగ మెల్లగా వెనక్కి వస్తుంటే, అక్క తెర మీద గీతలు గీసి కొలిచింది. యాంజియోగ్రామ్‌లో బాగానే ఉన్నట్టు కనిపించిన చోట గోడంతా కొవ్వు పేరుకుని ఉంది. రక్తం పారే దారి చాలా ఇరుకు. డాక్టర్ గారు బయటికి వెళ్ళి గంగమ్మకు సంగతి చెప్పి, ఒప్పుకోలు తీసుకుని వచ్చి స్టెంట్ వేశారు. యాంజియోగ్రామ్‌లో చక్కగా తెరుచుకున్నట్టే ఉంది. కానీ అక్క మళ్ళీ లోపల చూడమంది. స్టెంటుకూ గోడకూ నడుమ ఒకవైపు నల్లటి సందు; వదిలేస్తే అక్కడ రక్తం గడ్డకట్టొచ్చు. దాన్ని చూసి ఆయన స్టెంట్‌ను విప్పార్చే బెలూన్ ఇంకా పెద్దది అడిగి తీసుకుని, ఆ చోట నొక్కి సరిచేశారు. మూడోసారి చూస్తే సందు లేదు.

బయటికొచ్చాక గంగమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. "ఏం చూసినవమ్మా లోపల?"

"కడుపులో బిడ్డని స్కానింగ్‌లో చూస్తారు చూడండి, అలాంటిదేనమ్మా. కాకపోతే ఇది సన్నతీగ చివరుంటుంది. నాళంలో కొవ్వు అడ్డం పడింది, తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నాం. ఇక ఫికర్ పడకండి."

ఫికర్ అన్న మా వైపు మాట అక్క నోట నేను అంతకు ముందు వినలేదు. గంగమ్మ కళ్ళు తుడుచుకుని, "గట్లనే తల్లీ" అంది.

ఆ వారం నుంచి యంత్రం మీద గుడ్డ కప్పలేదు. డాక్టర్ గారే "లీదియా గారూ, చూద్దామా?" అని అడిగేవారు. సమ్మె ముగిసింది. సాయిలు కోలుకుని డిపోలో కూర్చుని చేసే డ్యూటీకి మారాడు. పద్నాలుగులో రాష్ట్రం వచ్చినప్పుడు చీరాల నుంచి అక్క తమ్ముడు ఫోన్ చేసి, వచ్చేస్తావా అని అడిగాడట. "వచ్చి ఏం చేయనురా, నా పని ఇక్కడుంటే?" అందట. నాలాంటి వాళ్ళం ఏడెనిమిది మందిమి ఆమె దగ్గర బొమ్మలు చదవడం నేర్చుకున్నాం.

ఇప్పుడు ఆమె రిటైరై మియాపూర్‌లో ఉంటోంది. మొన్న వెళ్ళినప్పుడు, "మనది శబ్దంతో చూసేది, ఇప్పుడు నాళాన్ని కాంతితో చూసే యంత్రం కూడా వచ్చిందటగా, బొమ్మ ఎలా ఉంటుందే?" అని అడిగింది. రోగి పేరు తీసేసిన రికార్డింగ్ ఒకటి ఫోన్లో చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసుకుని, వేలితో ఆపుతూ, మళ్ళీ వేస్తూ చూసింది.

"ఇంత స్పష్టంగానా!" అంది. ఫోన్ తిరిగిస్తూ, "ఈయన ఇంటికెళ్ళాడా?" అని అడిగింది.

వెళ్ళాడని చెప్పాను.