ఆరు గంటల నీళ్లు

2016లో నేను అంతర్యుద్ధం నడుస్తున్న ఒక ఎడారి దేశంలో, చిన్న పట్టణపు పంపుహౌస్‌లో మెకానిక్‌ని. ఇప్పుడు ఆలమూరులో నా షెడ్డుకి మోటార్లు తెచ్చే రైతులు, "యుద్ధం చూసేరంట కదండీ" అంటుంటారు. "ఆయ్, చూసేనండీ" అని ఊరుకుంటాను. నేను చూసింది నిజానికి నీళ్ల కోసం నిలబడ్డ ఒక లైను.

నాతో ఉన్న ఎలక్ట్రీషియన్ సత్తిబాబుది ఉప్పలగుప్తం. అక్కడి ముసలి ఆపరేటర్ మూసా గల్ఫ్‌లో పనిచేసినవాడు, హిందీ బాగా మాట్లాడేవాడు.

మేం వెళ్లేనాటికి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లు డబ్బాలు పెట్టుకుని పొద్దంతా ఎండలో కూర్చునేవారు. కాలవ నీళ్లకి వంతులు చూస్తూ పెరిగినవాణ్ణి, నాకది చూడబుద్ధి కాలేదు. టైము పెట్టాను. ఉదయం ఆరుకి ప్రైమింగ్, అంటే పంపులో గాలి పోయేలా నీళ్లు నింపడం. అవగానే సైరన్. పది నిమిషాల్లో వీధి కుళాయిల్లో నీళ్లు, వాటి ముందు లైను. ఊరంతా సైరన్ విని గడియారాలు సరిచేసుకుంటుంటే నాకు కాస్త గర్వంగానే ఉండేది.

అప్పుడు ఊరు తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. వాళ్లూ తుపాకులు భుజాన వేసుకుని ఆ లైనులోనే నిలబడేవారు. ఒకసారి ఇంజన్ బెల్టు తెగితే ఎక్కణ్ణించో తెచ్చిచ్చింది కూడా వాళ్లే. మరుసటి ఏడు ప్రభుత్వ సైన్యం వచ్చింది, తిరుగుబాటుదారులు కొండల్లోకి పోయారు. యుద్ధం అయిపోయిందనుకున్నాం.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం, నేను సైరన్ కొట్టి వాల్వు తిప్పడానికి వెళ్తుండగా కుళాయిల దగ్గర బాంబు పేలింది. చాలామంది పోయారు. వాళ్లలో మూసా కూతురు ఉంది. పంపుహౌస్‌కి ఒక్క గీత పడలేదు. గేటు దగ్గర కాపలా ఉన్న సైనికులకీ ఏమీ కాలేదు. పెట్టింది కొండల్లోకి పోయినవాళ్లేనని ఊరంతా అన్నారు.

"ఇదేంటండీ బాబూ," అన్నాడు సత్తిబాబు. "ఆళ్ల అక్కచెల్లెళ్లు కూడా ఆ లైన్లోనే ఉంటారు కదండీ. పంపు వదిలేసి జనాన్ని చంపడమేంటండీ?"

మూడో రోజు మూసా పనిలోకొచ్చి తనే చెప్పాడు. "ఊరు ఏలుతున్నప్పుడు వాళ్లకి మా అండ కావాల్సొచ్చింది. తిండి, కబురు, దాక్కోడానికి చోటు మేమే ఇచ్చాం. సైన్యం వచ్చాక వాళ్ల ఇళ్లు చూపించిందీ మేమే. ఇప్పుడు సైన్యంతో ఎదురుపడి గెలవలేరు. అందుకే, సైన్యానికి మమ్మల్ని కాపాడే సత్తా లేదని మాకు చూపిస్తున్నారు. పంపు పేలిస్తే ఇంకో పంపు వస్తుంది. లైను పేలిస్తే ఇంట్లోంచి ఎవరూ రారు."

"ఆ టైము పెట్టింది నేనే కదా" అన్నాను. కాదంటాడని ఆశపడ్డాను. అతను గుడ్డ తీసుకుని ఇంజన్ తుడవడం మొదలుపెట్టాడు.

సైరన్ ఆపేశాను. టైము మార్చి మార్చి వదిలినా ఎవరూ రాలేదు. వారం రోజులు నీళ్లు ఇసుకలోకి పోయాయి. ఎనిమిదో రోజు సైనికులు కుళాయిల దగ్గర బాంబుల కోసం వెతకడం అయ్యాక, మూసా తన కూతురి డబ్బా పట్టుకుని వచ్చాడు.

"సైరన్ కొట్టు."

"నావల్ల కాదు" అన్నాను.

తనే కొట్టి, వెళ్లి కుళాయి ముందు ఒక్కడే నిలబడ్డాడు.

సత్తిబాబు రెండు బకెట్లు తీశాడు. "నడవండి అన్నయ్యగారూ. పెద్దాయన్ని ఒక్కణ్ణీ నిలబెట్టేస్తామాండీ?"

వెళ్లి వెనక నిలబడ్డాం. చాలాసేపటికి ఎదురింటి ముసలామె తలుపు తీసి, మమ్మల్ని ముగ్గుర్నీ చూసి, లోపలికెళ్లి బిందె తెచ్చుకుంది.

ఊరు పోగొట్టుకున్నవాడు ఊరి మనుషుల్నే ఎందుకు చంపుతాడో అక్కడ తెలిసింది. భయపడి మనిషి పక్కన మనిషి నిలబడ్డం మానేస్తే చాలు, వాడు గెలిచినట్టే. నేను ఎన్నో పంపులు బాగుచేశాను. ఆ లైనుని బాగుచేసింది మాత్రం మూసా.