కుడివైపు సీటు

మా పక్కవాటాలో కొత్తగా దిగినవాళ్ళు పచ్చి కాఫీగింజలు తెచ్చుకుని ఇంట్లోనే వేయించుకుంటారు. మొన్న ఉదయం ఆ మాడు వాసన వరండాలోకి వచ్చేవేళకు వీధిలో ఎవరో మొరాయించిన స్కూటరుతో అవస్థ పడుతున్నారు. కాఫీ, పెట్రోలు, రెండు వాసనలూ కలిసి ఒక్కసారిగా తగిలాయి. సుభద్ర టీచరుగారి కారు తలుపు తెరిస్తే సరిగ్గా ఈ వాసనే వచ్చేది.

అరవైల చివరి సంవత్సరాలవి. విజయనగరంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను కొత్తగా చేరాను. శృంగవరపుకోట దగ్గరి పల్లె మాది. వ్యవసాయం చేసుకునే మా ఇంట్లో ఉద్యోగానికి బయటికొచ్చిన మొదటి ఆడదాన్ని నేనే. సుభద్రగారు అక్కడ లెక్కలు చెప్పేవారు. నలభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేవారు. భర్తతో కలిసి ఇథియోపియా వెళ్ళి, అక్కడ కాఫీ పండే కొండలమీది ఒక ఊళ్ళో చాలాకాలం పాఠాలు చెప్పారు. ఆయన అక్కడే పోయారు. ఆవిడ ఒక్కరే తిరిగొచ్చారు. ఆవిడ వచ్చిన కొన్నాళ్ళకు, బొంబాయిలో ఓడ మారి, ఆవిడ కారు విశాఖపట్నం రేవుకు వచ్చింది. విడిపించుకు రావడానికి నన్ను తోడు రమ్మన్నారు.

కస్టమ్స్ ఆఫీసులో పెద్దాయన కాగితాలు తిరగేసి, కళ్ళజోడు పైనుంచి ఆవిడ వంక చూశాడు. "పాత కారమ్మా ఇది. ఇంత సుంకం కట్టి తెచ్చుకోవడం దేనికి? అక్కడే అమ్మేసి రావలసింది."

"అమ్మడానికి కాదండీ, ఉంచుకోవడానికి."

"ఇక్కడ కూడా కొన్నేళ్ళు అమ్మకూడదు. ఆ షరతు తెలుసు కదా? అసలిది మీవారి పేరున ఉండేది. మీ పేరుకి మారాక అక్కడ ఏడాదైనా మీరు వాడి ఉండాలే!"

"వాడానండి. అందుకే ఆయన పోయాక కూడా ఏడాది ఉండిపోయాను."

ఆయన ముద్ర వేసి కాగితాలు ఆవిడ చేతిలో పెట్టాడు. జీతం కోసం ఉండిపోయారని స్కూల్లో అందరం అనుకునేవాళ్ళం. చుట్టూ ఎవరూ లేని ఆ కొండల్లో, ఒక కారు కోసం ఒంటరిగా ఏడాది ఎలా గడిపారా అని ఆలోచిస్తూ నేను బయటికి నడిచాను.

బూడిదరంగు చిన్న కారు. స్టీరింగు ఎడమవైపు ఉంది. నేను ముందు ఎక్కబోతే, "అక్కడ వద్దే పైడీ, వెనక కూర్చో" అన్నారు. ఆవిడ ఎడమపక్క కూర్చుని నడుపుతుంటే, మన కార్లలో డ్రైవరు ఉండవలసిన కుడివైపు సీటు ఖాళీగా ఉండేది. దారిలో ఒక బండివాడు ఎడ్లను పక్కకు లాగేసి, "ఓలమ్మో! తోలీవోడు లేకండా వచ్చెస్తన్నాదేటి కారు!" అని కేకపెట్టాడు. నేను పగలబడి నవ్వాను. అద్దంలో ఆవిడ ముఖం చూసి మానేశాను.

రిజిస్ట్రేషనయ్యాక ఆదివారాలు నన్ను మా ఊళ్ళో దింపేవారు. ఎప్పుడూ వెనక సీటే. ఎడమవైపు కూర్చుని నడిపేవారికి ముందున్న బండిని దాటాలంటే ఎదర ఏముందో కనపడదు. కుడిపక్క కూర్చున్నవాళ్ళు చూసి చెప్పాలి. ఒకసారి గడ్డి లారీ ఒకటి మా ముందు పోతోంది. సుభద్రగారు హారను కొట్టి, ఖాళీ సీటు వైపు కొద్దిగా తల తిప్పి, "వెళ్ళనా?" అన్నారు. నన్ను కాదు. కాస్సేపు ఆగి, విన్నట్టుగా తలాడించి, వేగం తగ్గించేశారు. మరుక్షణం ఎదటినుంచి ఒక బస్సు గాలిదుమారంలా మమ్మల్ని దాటిపోయింది. వెనకనుంచి నాకు కూడా ఆ బస్సు కనపడలేదు.

మా ఇంటి ముందు కారు ఆగాక అడిగాను, "టీచరుగారూ, ఇందాక ఎవర్ని అడిగారు?"

ఆవిడ స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. "ఆయనకి గుండెనొప్పి వస్తే ఇందులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళానే. అంతా కొండదారి. ఆ సీట్లోనే ఉన్నారు. దారిపొడుగునా కబుర్లు చెప్తూనే ఉన్నాను, నిద్రపోనివ్వకూడదని. తీరా దిగాక డాక్టరు, ఎప్పుడో పోయారమ్మా అన్నాడు. ఎక్కడిదాకా విన్నారో, ఎక్కణ్ణుంచి ఎవరితో మాటాడేనో నాకు తెలీదు. ఈ కారుని ఎవరికి అమ్మమంటావు?"

"ఆ కారెక్కకే పాపా, మంచిది కాదు" అంది మా అమ్మ, సంగతి విని. నేను ఎక్కడం మానలేదు. పైగా ఆవిడ స్కూలు మైదానంలో నాకు డ్రైవింగు నేర్పారు. "భయం పోయాక తోలదామంటే ఎప్పటికీ తోలలేవు. భయంతోనే తోలు" అనేవారు.

ఆ శీతాకాలంలో ఒక పొద్దున్న శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కుదామన్నారు. స్టీరింగు నాకిచ్చి, మొదటిసారి తాను కుడివైపు సీట్లో కూర్చున్నారు. "ఎదర నేను సూస్తాన్లే" అన్నారు. పైకి పోయేకొద్దీ మంచు దట్టమైంది. ఒక మలుపు దగ్గర, "వెళ్ళనా టీచరుగారూ?" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. కంటి కొసనుంచి చూస్తే ఆవిడ తల కిటికీ అద్దానికి ఆనించి ఉంది, కళ్ళు మూసి ఉన్నాయి, చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. ఆపుదామంటే ఒకపక్క లోయ, ఒకపక్క కొండ, వెనక నుంచి ఏ బండి వచ్చి గుద్దుతుందో తెలియదు.

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో! మా నాన్న ఉద్యోగం మాన్పించి పెళ్ళి చేస్తానంటున్నాడని, నాకు మానాలని లేదని, ఆవిడ లేకపోతే ఆ ఊళ్ళో నాకెవరూ లేరని. ఎవరికీ చెప్పనివన్నీ ఏడుస్తూ చెప్పాను. కారులో నా గొంతు తప్ప ఇంకేమీ లేదు. దారి వెడల్పయిన చోట ఆపి మణికట్టు పట్టుకున్నాను. మంచులా ఉంది.

ఆవిడ కళ్ళు తెరిచారు. "ఆపేసేవేటే? సెప్పు."

కోపంతో ఆవిడ చెయ్యి వదిలేశాను. "పలకలేదేం? చచ్చిపోయారనుకున్నాను!"

"కావాలని కాదే. ఇక్కడ కూర్చోగానే పలకాలనిపించలేదు, వేలు కదపాలనిపించలేదు. కానీ నీ మాట ఒక్కటీ పోలేదు. అంతా వినిపించింది." ఆవిడ తాను కూర్చున్న సీటు అంచు తడిమారు. "ఆయనకీ ఇలాగే వినిపించి ఉంటాదే పైడీ." అప్పుడు ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తిరిగి వచ్చాక ఆవిడే మా ఊరొచ్చి మా నాన్నతో మాట్లాడారు. నా ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత ఎవరు కారెక్కినా ముందు కూర్చోబెట్టుకునేవారు. షరతు గడువు తీరాక దాన్ని శ్రీకాకుళంలో ఒక డాక్టరుకు అమ్మేశారు. తీసుకుపోతుంటే గుమ్మంలోకి కూడా రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంటే పక్కన కూర్చున్నాను. స్కూలు సంగతులు, పిల్లల మార్కులు, బజార్లో వంకాయల ధర చెబుతూ ఉన్నాను. నర్సు జాలిగా, "ఆవిడకి వినపడదమ్మా" అంది. నేను గొంతు కాస్త పెంచాను. ఆ తర్వాత మా అమ్మ దగ్గర, మొన్నమొన్న మా ఆయన దగ్గర కూడా అంతే. పలకని మనిషి పక్కన నేను ఊరుకోను. ఎక్కడిదాకా వింటారో మనకు తెలియదు.