పర్వతాలు తమ్ముడి బొమ్మ

లీలాకుమారి నీతి పాఠాల చార్టులను అల్మారా మీదినుంచి దింపించి, దుమ్ము దులిపించి, ఐదో తరగతి గదిలో బల్లల మీద వరసగా పరిపించింది. బడికి నలభై ఏళ్లు నిండుతున్నాయి. వార్షికోత్సవం నాడు హాలు గోడలకు ఈ పాత బొమ్మలు తగిలించాలని ఆమె కోరిక. ఆ బడిలోనే చదువుకుని ఆ బడికే హెడ్‌మిస్ట్రెస్ అయిన మనిషి కాబట్టి పాతవాటి మీద మమకారం ఎక్కువ. వాటిని గీసిన జ్ఞానశేఖర్‌ను సైనిక్‌పురి నుంచి ఆటోలో పిలిపించింది.

జ్ఞానశేఖర్‌కు డెబ్బై దాటాయి. కళ్లజోడు తుడుచుకుని మొదటి బల్ల దగ్గర నిలబడ్డాడు. రెండో బల్లకు జరిగాడు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి.

“ఇవన్నీ నేనే గీశానంటావా తల్లీ?”

“మీరే అంకుల్. ప్రతి బొమ్మ కిందా సంతకం ఉందిగా.”

ఉంది. సంతకం మాత్రం చాలా అందంగా ఉంది. దాని పైనున్న మనిషే, గోనెసంచికి మీసాలు పెట్టి నిలబెట్టినట్టున్నాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, ఎందుకంటే ఆ రోజుల్లో జ్ఞానశేఖర్‌కు వేళ్లు గీయడం రాదు. పాదాలూ రావు, అందుకని అవి గడ్డిలో ఉన్నాయి. నిజాయితీపరుడు గడ్డిలో నిలబడ్డాడు. సోమరి గడ్డిలో పడుకున్నాడు. అబద్ధాలకోరు వంటింట్లో భార్యతో మాట్లాడుతున్నాడు. ఆ వంటింట్లోనూ మోకాలెత్తు గడ్డే. పైగా అన్నింటికీ ఒకటే ముఖం.

ఆ ముఖం పాలు పోసే పర్వతాలుది.

జ్ఞానశేఖర్ బాపట్ల ప్రాంతం మనిషి. తిరుమలగిరిలో మిలిటరీ సామాన్ల గోదాములో గుమాస్తా ఉద్యోగం దొరికితే, భార్య కాంతమణితో వచ్చి నేరేడ్‌మెట్‌లో కాపురం పెట్టాడు. డెబ్బైల మొదట్లో మాట అది. వాళ్ల చర్చికే వచ్చే మేబెల్ టీచర్ అక్కడ రెండు గదుల్లో బడి నడిపేది. నీతి పాఠాలంటే ఆవిడకు ప్రాణం. నోటితో చెబితే పిల్లలకు ఎక్కడం లేదు, బొమ్మలుంటే ఎక్కుతుందని ఆవిడ నమ్మకం. ఒకరోజు వాళ్లింటికి వచ్చి, గోడ మీద బొగ్గుతో గీసిన చిలకను చూసింది. నిజానికది మేకు ఎక్కడ కొట్టాలో కాంతమణి గుర్తు పెట్టిన గీత. ఆదివారం తోచక జ్ఞానశేఖర్ దానికి ముక్కూ తోకా తగిలించాడు.

“మీరు ఆర్టిస్టని ఇన్నాళ్లూ చెప్పనేలేదే జ్ఞానశేఖర్ గారూ!”

కాదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ఆవిడ అప్పటికే మంచి గుణాలెన్నో, చెడ్డ గుణాలెన్నో వేళ్ల మీద లెక్కపెడుతోంది.

చిలక గుర్తుండే పక్షి. మనిషి అలా కాదు, ఎదురుగా ఎవరో ఒకరు కదలకుండా కూర్చోవాలి. కాంతమణి కూర్చుంది కానీ, పొయ్యి మీద చారు గుర్తొచ్చి లేచింది. మళ్లీ కూర్చుని ఆరేసిన బట్టలు గుర్తొచ్చి లేచింది. వీధి మొత్తంలో కదలకుండా కూర్చోగలిగినవాడు పర్వతాలు ఒక్కడే. పాలు పోయడం అయిపోయాక అరుగు మీద కూలబడి, తంబాకు దవడన పెట్టుకున్నాడంటే ఎండ ముఖం మీదికి వచ్చేదాకా రాయే.

“నీ బొమ్మ గీస్తానయ్యా పర్వతాలూ, కూర్చుంటావా?”

“కూసునుడే గదా సారు. దానికేం తక్లీఫ్.”

మొదటి చార్టు ‘నిజాయితీపరుడు’. అది బడి గోడకెక్కిన రోజున వీధి వీధంతా నవ్వింది. పర్వతాలు పాలలో నీళ్లు కాదు, నీళ్లలో పాలు పోస్తాడని పేరు. కానీ పర్వతాలు నవ్వలేదు. బడి కిటికీలోంచి తన బొమ్మను చాలాసేపు చూసి, తలపాగా విప్పి మళ్లీ కట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి నీళ్లు మానేశాడు.

అసలు తంటా అక్కడే షురూ అయింది. ఏళ్ల తరబడి నీళ్ల పాలకు అలవాటుపడ్డ కడుపులు చిక్కటి పాలకు తట్టుకోలేకపోయాయి. పక్కింటి రోసమ్మ నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఎంత రోగానికైనా జంకేది కాదు. ఆవిడే రెండు పూటలు మంచం దిగలేదు.

“ఎప్పటిలా కాసిని నీళ్లు కలుపు నాయనా, నీకు పుణ్యముంటుంది,” అని బతిమాలింది.

“నీళ్లెట్ల పోస్తనమ్మా? బడిల నా బొమ్మ పెట్టిన్రు.”

చెప్పిన గుణానికి తగ్గట్టు మనిషి మారిపోతున్నాడని మేబెల్ టీచర్ పొంగిపోయి, మిగతా చార్టులు తొందరపెట్టింది. జ్ఞానశేఖర్‌కు వచ్చింది ఒక్క ముఖమే. కష్టజీవీ పర్వతాలే, దయగలవాడూ పర్వతాలే. మంచి గుణాలు అయిపోయి చెడ్డవి మొదలయ్యాయి. పర్వతాలు రోజూ పాలు పోస్తూ అడిగేవాడు, “గీ వారం నేనెవర్ని సారు?” సోమరి అంటే సంతోషంగా పడుకున్నాడు. తాగుబోతు అన్ననాడు, తాగకుండా తాగుబోతెట్లయితరని కల్లు దుకాణానికి పోయొచ్చి కూర్చున్నాడు. ఆ ఒక్కరోజే బొమ్మ కదిలింది.

అబద్ధాలకోరు దగ్గర చిక్కొచ్చింది. నిజాయితీపరుడి పక్కనే ఆ చార్టు తగిలించారు. అప్పుడు రెండో తరగతిలో ఉన్న లీలాకుమారే లేచి నిలబడింది.

“టీచర్, ఆయన నిజమే చెప్తాడన్నారు కదా. మరి అబద్ధం ఎందుకు చెప్తున్నాడు?”

మేబెల్ టీచర్ పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి. ఎప్పుడూ తడుముకోలేదు. “ఇతను ఆయన కాదు. ఆయన తమ్ముడు,” అంది.

సాయంత్రానికి పిల్లలు ఆ వార్త ఇళ్లకు మోసుకుపోయారు. మర్నాడు ఎవరి పిల్లాడో పర్వతాలును అడిగాడు, నీ తమ్ముడెక్కడ అని. పర్వతాలుకు తమ్ముడు లేడు. లేడని చెప్పబోయి, చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ రోసమ్మను, ఆవిడ పీక్కుపోయిన ముఖాన్ని చూసి ఆగాడు.

“ఉన్నడు,” అన్నాడు. “రేపటికెల్లి వాడు సుత వస్తడు.”

మర్నాడు అదే మనిషి, అదే సైకిలు మీద, తలపాగా లేకుండా వచ్చాడు. పాలు పలచగా ఉన్నాయి. రోసమ్మ కడుపు కుదుటపడింది. ఆ తర్వాత ఎవరైనా పాలు నీళ్లలా ఉన్నాయని నిలదీస్తే పర్వతాలు ఒట్టేసి చెప్పేవాడు, “నిన్న నేను రాలే, మా తమ్ముడొచ్చిండు. వాడు గట్లనే చేస్తడు, ఎన్నిసార్లు చెప్పినా ఇనడు.” నిజాయితీపరుడి మర్యాద నిజాయితీపరుడికే ఉంది, నీళ్లూ పాలలోనే ఉన్నాయి.

అంతా ఒకడేనని వీధిలో తెలియనివాళ్లు లేరు. అయినా తమ్ముడుండటం అందరికీ బాగుంది. రోసమ్మ అయితే, “రేపు మీ తమ్ముణ్ని పంపించవయ్యా” అని అడిగి మరీ పోయించుకునేది. కాంతమణి అన్నతో గట్టిగా మాట్లాడలేకపోయేది కానీ తమ్ముణ్ని మాత్రం చెడామడా తిట్టేది. ఓటర్ల పేర్లు రాసుకునే మనిషి వచ్చినప్పుడు చిన్న పర్వతాలు కూడా ఉన్నాడని నలుగురూ నాలుగువైపుల నుంచి చెప్పారు. ఆ మనిషి రాసుకుని పోయాడు.

అప్పుడు వచ్చింది బాలమ్మ, పర్వతాలు తల్లి. పొద్దున్నే జ్ఞానశేఖర్ గుమ్మంలో నిలబడి, కొంగు నడుముకు బిగించింది.

“ఓ సారూ! బొమ్మలు గీసేది నువ్వేనా?”

“నేనేనమ్మా. లోపలికి రా.”

“రాను. నేను కన్నది ఒక్కణ్నే. రెండోడు ఏడికెల్లి వచ్చిండు? గుడికాడ ఆడోళ్లు అడుగుతున్నరు, చిన్నోడు ఎవరి పోలికే బాలమ్మా అని. నేనేం చెప్పాలె? నా మొగడు సచ్చి ఇరవై ఏండ్లాయె. నా మర్యాదేం గావాలె?”

జ్ఞానశేఖర్ తప్పు తనది కాదని చెప్పాలనుకున్నాడు కానీ, ఎవరిదో తేల్చుకోలేకపోయాడు. చెప్పులేసుకుని ఆమెను బడికి తీసుకుపోయాడు. ఆమె ఒక్కో చార్టూ చూసింది. కష్టజీవిని చూసి మూతి తిప్పింది. అబద్ధాలకోరు దగ్గర ఆగింది. చెయ్యి చాచి ఆ కాగితం చెంపను నిమిరింది.

“వీడేందీ గింత బక్కగున్నడు? వీనికి తిండి పెడ్తలేరా?”

“బొమ్మేనమ్మా అది.”

“బొమ్మైతే తిననియ్యరా?” చెంప మీంచి చెయ్యి తీసింది. “గిది నా పెద్దోని మొఖం. చిన్నోడైతే గిట్లుండడు. ఉంటే మంచిగుండాలె. గీయి సారు, నేను చెప్తా.”

ఆమె మూడో తరగతి బెంచీ మీద కూర్చుంది. లేని కొడుకు ఎలా ఉంటాడో చెప్పడం మొదలుపెట్టింది. ముక్కు తండ్రిదట, కొన దగ్గర కొంచెం వంగాలి. గదవ, అంటే చుబుకం, బాలమ్మ తల్లిది, మధ్యలో సొట్ట పడాలి. కనుబొమ్మ మీద చిన్న గాటు ఉండాలి, చిన్నప్పుడు బర్రె కొమ్ము తగిలిందట. జ్ఞానశేఖర్ గీశాడు. “కాదు,” అంది. చెరిపి గీశాడు. “నవ్వబోయి ఆపుకుంటడు, గట్ల,” అంది. ఎదురుగా మనిషి లేడు, చూసి గీయడానికి ఏమీ లేదు. ఆ ముసలామె గొంతు వింటూ, ఆమె ఎక్కడ తడబడుతోందో అక్కడ పెన్సిల్ ఆపుతూ, ఎక్కడ హాయిగా చెబుతోందో అక్కడ గీత లాగుతూ పోయాడు. ఆఫీసుకు పోవాలన్న సంగతే మర్చిపోయాడు. మేబెల్ టీచర్ మూడో తరగతి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పుకుంది.

చివరికి బాలమ్మ ముందుకు వంగి చూసింది.

“ఆఁ. వీడే.”

చార్టు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే గుడికాడ, చిన్నోడు తండ్రి పోలికేనని చెప్పి బొమ్మ చూపించిందట. ఇంట్లో గోడకు తగిలించుకుని, పెద్దోడు కసిరిన రోజున చిన్నోడితో మొరపెట్టుకునేది.

జ్ఞానశేఖర్ జీవితం మారింది ఆ బెంచీ దగ్గరే. పోయినవాళ్ల ఫొటోలు లేనివాళ్లు ఆయనను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. తాత పోలిక చెప్పేవాడొకడు, పసితనంలోనే పోయిన అక్క ఈ పాటికి ఎలా ఉండేదో గీయమనే ఆడమనిషి ఒకతె. మిలిటరీలో చేసి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న సుబేదారు ఒకాయన తన పాత గుర్రం ముఖం చెప్పి గీయించుకున్నాడు. ఏ మాస్టారి దగ్గరా నేర్చుకోని చెయ్యి, చెప్పేవాళ్ల గొంతుల దగ్గర నేర్చుకుంది. వేళ్లు కూడా వచ్చాయి, పాదాలూ వచ్చాయి.

ఇళ్ల ప్లాట్లు వచ్చి గేదెలకు మేత కరువయ్యాక పర్వతాలు పాల వ్యాపారం మానేశాడు. తమ్ముడు నిజామాబాద్ పోయిండని చెప్పాడు. దారిలో తింటాడని రోసమ్మ ఆవకాయ జాడీ ఇచ్చి పంపింది. తర్వాత చాలా ఏళ్లకు పర్వతాలు పోయినప్పుడు కూడా, తొంభైకి దగ్గరపడ్డ ఆ రోసమ్మే కర్ర పట్టుకుని వచ్చి, ఏడుస్తూ అందరినీ అడిగింది, “తమ్ముడికి కబురు పెట్టారా?” పెట్టామని జ్ఞానశేఖర్ చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఏమాత్రం సందేహించలేదు.

ఇదంతా తలచుకుంటూ ఆయన చివరి బల్ల దగ్గరికి వచ్చాడు. అక్కడున్న చార్టు కింద గుణం పేరును చెదలు తినేసింది. పర్వతాలు తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, పెదవి బిగబట్టి ఆకాశం వైపు చూస్తున్నాడు.

“ఇదేం గుణం అంకుల్? కింద పేరు రాయించాలి,” అంది లీలాకుమారి.

ఆయన ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఉత్సవ కమిటీ సభ్యులు చుట్టూ మూగారు. వినయం అన్నాడు జకర్యా. అసూయ అంది సుమిత్ర టీచర్. డ్రిల్లు మాస్టారు క్రమశిక్షణ తప్ప మరోటి కావడానికి వీల్లేదన్నాడు. మాట మాట పెరిగి, చివరికి చేతులెత్తించి తేల్చాలనుకున్నారు.

“పంటినొప్పి,” అన్నాడు జ్ఞానశేఖర్. “ఆ దవడ చూడండి. వాచింది. ఆ రోజు వాడికి పన్ను నొప్పి.”

“అది గుణం కాదు కదా అంకుల్.”

“కాదనుకో. కానీ వాడికి ఉన్నది అదే.”

పంటినొప్పికి ఆయన చెయ్యి ఒక్కటే లేచింది. వినయం గెలిచింది.

ఉత్సవం నాడు ముఖ్య అతిథి ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడి, వినయమంటే ఇలా ఉండాలని పిల్లలకు చెప్పాడు. ఆ తర్వాత ప్రసంగమంతా తల ఒక పక్కకు వాల్చే చేశాడు. మొదటి వరసలో కూర్చున్న జ్ఞానశేఖర్ ప్రసంగం వినలేదు. అతిథి దవడ ఏ పక్క వాచిందా అని చూస్తూ కూర్చున్నాడు.