పోటు వేళకు కట్టు

నాటింగ్‌హామ్‌లో ఆసుపత్రి వార్డు వదిలి, 2011లో వేల్స్ తీరంలో కమ్యూనిటీ నర్సుగా చేరాను. ఏటి మొగకు రెండు వైపులా ఉన్న చిన్న ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి ఇంజెక్షన్లు ఇవ్వడం, పుళ్లకు కట్లు కట్టడం మా పని. ఆదివారం ఆరాధన తప్పకూడదని ప్రతి శనివారం డ్యూటీ నేనే అడిగి తీసుకునేదాన్ని.

ఎమ్రిస్ గారికి డెబ్బై దాటాయి. సముద్రం వెనక్కి తగ్గి నీరు తీసినప్పుడు ఇసుకలో తినే గుల్లలు ఏరి అమ్మేవారు. ఎడమ కాలి మీద మానని పుండు. దానికి నాలుగు పొరల బిగుతు కట్టు వారానికి రెండుసార్లు మార్చాలి. అంతకుముందు కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో డాప్లర్ పరికరంతో చూస్తాం. ఆయనకు అందుతోంది. కట్టు క్రమంగా పడితే మానుతుంది, అశ్రద్ధ చేస్తే కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు రాశారు.

మా డ్యూటీల పట్టిక రోటాలో ఆయనకు మంగళ, శుక్రవారాలు, ఉదయం పది గంటలు. రెండుసార్లు వెళ్తే ఇంటికి తాళం. ‘పేషెంటు సహకరించడం లేదు’ అని ఫైల్లో రాశాను. మూడోసారీ దొరక్కపోతే జాబితాలోంచి పేరు తీసేయాలన్నది నియమం. అలా తీసేయడానికి మనసొప్పక నేరుగా ఇసుక మీదికే వెళ్లాను.

“పదింటికి ఇంట్లో ఉండాలని ఉత్తరం వచ్చింది కదా?” అన్నాను.

“సముద్రం మీ డైరీ చూడదు సిస్టర్,” అన్నారాయన, బకెట్ దించకుండానే. “పోటు మీద రండి. అప్పుడు నేనెక్కడికి పోతాను, చేపనా?”

సిగ్గేసింది. మాది బాపట్ల వైపు సముద్రపు ఒడ్డే. పోటు వేళ రోజురోజుకూ మారుతుందని చిన్నప్పటి నుంచీ తెలుసు. పోటు వేళల పట్టిక తెచ్చి డైరీలో అంటించాను. బూట్లలోకి నీళ్లు దిగి కట్టు తడిస్తే అదే రోజు ఫోన్ చేస్తానని ఆయన మాటిచ్చారు.

మా టీమ్ లీడర్ పట్టిక చూసి, “ఈ వారం రెండో కట్టుకు పోటు వేళ కుదిరేది ఆదివారం ఉదయమే. నువ్వు రావు కదా!” అంది.

ప్రభువు విశ్రాంతి దినానే ఎండిపోయిన ఊచచెయ్యి గలవాణ్ణి బాగుచేశాడని సండే స్కూల్ పిల్లలకు ఏళ్లుగా చెబుతున్నాను. వస్తానన్నాను. పాస్టర్ గారికి ఫోన్ చేసి ఆ వారం రాలేనని చెప్పాను.

ఆదివారం తలుపు తీసే ఉంది. ఎమ్రిస్ గారు కాలు కడుక్కుని కూర్చున్నారు.

“చర్చి ఎగ్గొట్టారా సిస్టర్? ఆ పాపం నా ఖాతాలో వేయకండి.”

“ముందు కాలు పైకి పెట్టండి,” అన్నాను.

పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. కాలు దక్కింది. రిటైరయ్యే దాకా ఏ కొత్త ఇంటికి వెళ్లినా ముందు ‘మీరు ఇంట్లో ఎప్పుడుంటారు?’ అని అడిగాను. ‘సహకరించడం లేదు’ అని మాత్రం మళ్లీ ఏ ఫైల్లోనూ రాయలేదు.