ఉమాకాంత్ గారి ఐదు కిలోల ఖాళీ

ఉమాకాంత్ గారికి లోకంలో ప్రతిదీ బరువుతోనే పరిచయం. పుచ్చకాయని మనం తట్టి చూస్తాం. ఆయన ఎత్తి చూసి "మూడూ నాలుగొందలు" అంటారు. కిలోలే. పౌండ్లంటే గిట్టదు. టెక్సస్‌లో, డాలస్ పక్కనే ఉన్న కాపెల్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నా, ఆయన చెయ్యి మాత్రం ఇంకా ఇక్కడి పౌరసత్వం తీసుకోలేదు.

కాపెల్ నుంచి ఇండియాకి బయల్దేరే ఏ తెలుగు కుటుంబమూ ఆయన వచ్చి రెండు వేళ్ళతో లేపి చూడందే సూట్‌కేసుకి తాళం వెయ్యదు. ఒకసారి ఎదురింటి తేజేశ్వర్ డిజిటల్ తూకం కొనుక్కొచ్చి పందెం కాశాడు. తూకం ఇరవై మూడూ రెండొందలంది. ఈయన ఇరవై మూడే అన్నారు. ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో సరిగ్గా ఇరవై మూడు. తేజేశ్వర్ ఆ తూకాన్ని పారేశాడని కొందరంటారు. కాదు, అదే సిగ్గుపడి పనిచెయ్యడం మానేసిందని ఉమాకాంత్ గారంటారు.

కోడలు జయంతికి ఈ విద్య మీద కోపం లేదు. ఆమె గొడవంతా ఆయన ఐదు కిలోలతోనే. ఏ ఊరు వెళ్ళినా సరే, తిరుగు ప్రయాణంలో పెట్టెల్లో ఐదు కిలోలు ఖాళీ ఉండి తీరాలి. ఎందుకని అడిగితే "ఉండాలమ్మా, అంతే" అంటారు. అత్తగారు రాధారాణిని అడిగితే, ఆవిడ టీవీ సౌండ్ పెంచుతుంది.

ఈ వేసవిలో అందరూ మార్సేయ్ వెళ్ళారు. మధ్యధరా సముద్రం ఒడ్డున ఫ్రాన్సు వాళ్ళ పాత రేవు పట్టణం అది. భర్త రాజ్‌కి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండటంతో, జయంతి అత్తమామల్నీ, పన్నెండేళ్ళ కూతురు నైనికనీ తీసుకుని తనే బయల్దేరింది.

మొదటి రోజు పొద్దున్నే రేవు గట్టు మీద చేపలమ్ముతున్నారు. ఉమాకాంత్ గారు ఒక చేపని తోక పట్టి లేపారు.

"కిలో ఎనిమిదొందలు."

చేపలావిడ తూకం కూడా అదే చెప్పింది. ఇంకోటి లేపారు. అదీ సరిపోయింది. ఆరో చేపకి ఆవిడ తూకాన్ని పక్కకి జరిపేసి, కొనేవాళ్ళ చేపలన్నీ ఈయన చేతికే ఇవ్వసాగింది.

"తాతా, అందరూ చూస్తున్నారు. సో ఎంబరాసింగ్!"

"చూడనీవే. విద్య చూస్తున్నారు."

చివరికి ఆవిడ మురిసిపోయి ఓ పెద్ద చేపని కాగితంలో చుట్టి బహుమతిగా ఇవ్వబోయింది.

"మేం శాకాహారులమని చెప్పవే నైనికా!"

"ఆ వర్డ్ మా ఫ్రెంచ్ టీచర్ ఇంకా చెప్పలేదు తాతా."

అలా ఆ చేప హోటల్ దాకా వచ్చి, రిసెప్షన్‌లో అమ్మాయికి అంకితమైంది.

మూడో రోజు రేవు వెనక సందులో జయంతికి సబ్బుల దుకాణం కనిపించింది. ఆలివ్ నూనెతో చేసిన ఆకుపచ్చ సబ్బులు, ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. వచ్చే నెలలో వరలక్ష్మీ వ్రతం. తాంబూలానికి నలభై మంది వస్తారు. కాపెల్‌లో పేరంటాలకి అందరూ ఒకటే ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. క్రితం ఏడు జయంతి ఇచ్చిన డబ్బా ఊరంతా తిరిగి మూడుసార్లు ఆమె ఇంటికే వచ్చింది. ఈసారి అలా జరగకూడదని నలభై సబ్బులు కొనేసి, అక్కడికక్కడే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది: "నలభై మందికీ మార్సేయ్ నుంచి!" నలభై హృదయాలు వచ్చిపడ్డాయి.

ఉమాకాంత్ గారు సంచి ఎత్తారు. "పన్నెండు కిలోలు. పెట్టెల్లో ఖాళీ ఏడు. ఇరవై మూడు సబ్బులు పడతాయి."

"మొత్తం ఖాళీ పన్నెండుంది మామయ్యగారూ. నేనూ లెక్కేశాను."

"ఆ ఐదూ లేవమ్మా."

"కళ్ళ ముందు కనిపిస్తున్నాయి!"

"కనిపిస్తాయి. కానీ లేవు."

చేతి సంచుల్లో అప్పటికే సూది దూరే సందు లేదు. పదిహేడుమంది ఆంటీలకి ఏం చెప్పాలో తోచక, జయంతికి ఆ సాయంత్రం సముద్రం కూడా సబ్బునీళ్ళలా కనిపించింది. బయల్దేరే రోజు పొద్దున మామగారు స్నానానికి వెళ్ళగానే నలభై సబ్బులూ నాలుగు పెట్టెల్లో సర్దేసి, జిప్పులు లాగేసింది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, వరసగా పిడులు పట్టి లేపారు. నాలుగో పెట్టె దగ్గర ఆగారు.

"నా ఐదు కిలోలేవీ?"

జయంతి నోరు తెరిచేలోపు తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఇరవై మూడేళ్ళ అమ్మాయి, చేతుల్లో పెద్ద మూట.

"ఉమాకాంత్ అంకులేనా? నేనండీ, అనుష్కని. ఇక్కడే ఎమ్మెస్ చదువుతున్నాను. మెసేజ్ చేశాను కదా?"

"రామ్మా. మూట విప్పు. విప్పి చూడందే నేనేదీ ఎక్కించను."

కాన్వెంటులో సిస్టర్లు పిల్లల గోళ్ళు చూసినట్టు ఆయన ఒక్కొక్కటీ తీసి చూశారు. పాత చీరలతో కుట్టిన బొంత. బాలింత కాయం సీసా. పత్యం కారప్పొడి.

"మా దియక్కకి నెలాఖరున డెలివరీ. మీ పక్కనే, ఇర్వింగ్‌లో ఉంటుంది" అంది అనుష్క జయంతితో. "అమ్మే వెళ్దామనుకుంది. వీసా డేట్ దొరకలేదు. నేను తీసుకెళ్దామంటే నాకూ దొరకలేదు. అమ్మ తన చీరలతో కుట్టి పంపిన ఈ బొంత నాలుగు నెలలుగా నా మంచం కిందే ఉంది ఆంటీ. అంకుల్ మా స్టూడెంట్స్ గ్రూపులో 'డాలస్‌కి ఐదు కిలోలు ఖాళీ' అని పెడితే, ముందు ఎవరో జోక్ చేస్తున్నారనుకున్నాం."

జయంతి అత్తగారి వైపు తిరిగింది. "ప్రతిసారీ ఇంతేనా అత్తయ్యా? నాకు చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? మొగుణ్ణి చాదస్తుడంటే ముప్ఫై ఏళ్ళుగా భరిస్తున్నా. మంచివాడంటే భరించడం నాకు అలవాటు లేదు" అంది రాధారాణి.

ఉమాకాంత్ గారు ఇవేవీ విననట్టు మూట ఎత్తారు. మొహం ముడుచుకుంది. "ఐదూ ఆరొందలు."

"పోనీ, కారప్పొడి తీసేస్తానంకుల్."

"నువ్వుండు" అంది జయంతి. నేల మీద కూర్చుని, పెట్టెల జిప్పులు లాగి, సబ్బులు తియ్యడం మొదలుపెట్టింది. పదిహేడు తీసింది. మామగారి మొహంలోకి చూసి, ఇంకో రెండు తీసింది. పంతొమ్మిదీ సంచిలో వేసి అనుష్క చేతికిచ్చింది. "నువ్వూ నీ ఫ్రెండ్సూ వాడుకోండి."

డాలస్‌లో దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా, సరాసరి దియ గుమ్మంలో మూట దించారు. దియ ఆ బొంతని మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. "అమ్మ వాసన" అంది. ఉమాకాంత్ గారు అర్జెంటుగా కారు టైర్లలో గాలి చూడటానికి వెళ్ళిపోయారు.

వ్రతం నాటికి జయంతి దగ్గరున్నవి ఇరవై ఒక్క సబ్బులు, రావాల్సినవాళ్ళు నలభై మంది. ఉమాకాంత్ గారు పొద్దున్నే వంటింట్లో కూర్చుని, గట్టి దారంతో ఒక్కొక్క సబ్బునీ రెండుగా కోశారు. వెంట్రుకవాసి తేడా లేదు. పసుపు, కుంకుమ, పండు, రవికెల గుడ్డ, దాని మీద సగం సబ్బు.

మీనాక్షి ఆంటీ తాంబూలం అందుకుని, సబ్బుని అటూ ఇటూ తిప్పింది.

"ఏమ్మా జయంతీ, గ్రూపులో నలభై అన్నావు. మిగతా సగం ఏదీ?"

మూడు వారాలుగా జయంతి ఈ ప్రశ్నకే భయపడింది. తీరా వచ్చాక నవ్వొచ్చింది.

"దాంతో మార్సేయ్‌లో ఓ పిల్ల స్నానం చేస్తోంది ఆంటీ."

"సగమంటే సగం కాదమ్మా" అని వంటింట్లోంచి గొంతు వినిపించింది. "నూట నలభై ఎనిమిది గ్రాములు. ఆరి, రెండు తగ్గింది."