చుక్కను తాకని గీత

మొన్న ఆదివారం, ఇంజనీరింగ్ చదువుతున్న మా మనుమరాలు ఉప్పళంలోని మా ఇంటి వరండాలో ల్యాప్‌టాప్ మీద సర్క్యూట్ బొమ్మ గీస్తుంటే, దానికి కాఫీ ఇవ్వడానికి వెళ్లినదాన్ని గ్లాసు చేతిలోనే పట్టుకుని, నా పాతికేళ్ల వయసులోకి వెళ్లి నిలబడిపోయాను.

మన ఈడువాళ్లకు టీవీ పక్కన టక్కుటక్కుమనే స్టెబిలైజరు గుర్తుండే ఉంటుంది. అవి తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో సర్క్యూట్ బొమ్మలు గీసే పనికి చేరాను. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. మా విభాగానికి పెద్ద విల్లియనూరులో ఉండే మా పెదనాన్నే, అయినా గేటు దాటితే సార్ అనాల్సిందే. ట్రేసింగ్ కాగితం మీద నా గీత వెంట్రుకవాసి కూడా వంకరపోదని నాకు కాస్త పొగరుండేది. తీరా ఆరో నెలలో కంప్యూటర్ వచ్చింది, దాని మీద నేను గీసే మొదటి బొమ్మను బట్టే ఉద్యోగం ఉండేదీ ఊడేదీ అని తేల్చేశారు.

తెర నిండా చుక్కలు! ఓసి, ఇది మా అమ్మ వాకిలే కదా అనుకున్నాను. మెలికల ముగ్గులో గీత చుక్క చుట్టూ తిరగాలేగాని దాన్ని తాకకూడదు, తాకితే అమ్మ నా వేళ్ల మీద ఒక్కటి వేసేది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? గీతను చుక్కకు లాగి అతికించే సౌకర్యాన్ని ఆపేసి మరీ, ప్రతి తీగనూ చుక్కకు పిసరంత ఇవతలే ఆపుతూ మూడు రోజులు గీశాను. కంటికి అన్నీ కలిసినట్టే ఉన్నాయి.

పెదనాన్న కళ్లజోడు సవరించుకుని చూశారు. కరెంటు ఎడమ నుంచి వచ్చి కుడికి పోతోంది, సప్లై పైన, గ్రౌండు కింద, నాలుగు తీగలు ఎక్కడా ఒకేచోట ముడిపడలేదు, ప్రతి భాగానికీ పేరుంది. అన్నిటికీ తలూపి, స్టెబిలైజరులో టక్కుమనే స్విచ్చు బొమ్మను చూపించి, "ఇప్పుడు ఆ రిలేను పట్టి పక్కకు లాగమ్మా" అన్నారు.

లాగాను. రిలే ఒక్కటే వచ్చింది, అతుక్కుని ఉంటే దాని వెంట రావాల్సిన తీగలు ఉన్నచోటే ఉండిపోయాయి.

"ఏందమ్మా ఇది, ఒక్క తీగన్నా వెంట రాలేదే!"

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ముగ్గు సంగతి చెప్తే, ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "మీయమ్మ ముగ్గు వాకిట్లోనే ఉండనీ తల్లీ, ఈడ చుక్కను తాకితేనే కరెంటు" అని, మర్నాటి మధ్యాహ్నం దాకా గడువిచ్చారు. చుక్క చుక్కకూ అతికించి, ఒక్కో భాగాన్నీ పట్టి లాగి చూసుకుని ఇచ్చాను. ఉద్యోగం ఖాయమైంది, అమ్మకు చెప్తే, మన వాకిట్లో గీత చుక్కను తాకితే మాత్రం దెబ్బ తప్పదంది.

ఇదంతా మనుమరాలికి చెప్పి, ఏదీ, ఆ భాగాన్ని ఒకసారి లాగు అన్నాను. "అవసరం లేదవ్వా, తప్పుంటే కంప్యూటరే చెప్తుంది" అంటూనే లాగింది. తీగలన్నీ బుద్ధిగా వెంట వచ్చాయి. దాని తెలివికి నా మనసు నిండింది, నిజం. అయినా ఒక్క తీగ, ఒకే ఒక్కటి, రాకుండా ఉండిపోయుంటే, దాని పక్కన కూర్చుని, పెదనాన్న నాకు చెప్పినట్టే చెప్పేదాన్ని కదా అనిపించింది. కాఫీ చల్లారిపోయింది, వెచ్చబెట్టుకు రావడానికి లోపలికి వెళ్లాను.